తప్పు దారిలో వచ్చిన సరైన సమీకరణం

నీళ్ళు ఎలా పారతాయో, గాలి ఎలా కదులుతుందో చెప్పే లెక్కని నావియే–స్టోక్స్ సమీకరణం అంటారు. విమానం రెక్క డిజైన్ చేసేవాళ్ళు, తుఫాను ఏ తీరానికి చేరుతుందో అంచనా వేసేవాళ్ళు, గుండె కవాటం దగ్గర రక్తం సుళ్ళు తిరుగుతోందా అని చూసేవాళ్ళు, అందరూ ఏదో ఒక రూపంలో దీని దగ్గరకే రావాలి. రెండు పేర్లు పక్కపక్కన ఉండేసరికి ఇద్దరూ కలిసి కూర్చుని రాశారేమో అనిపిస్తుంది. కాదు, మధ్యలో ఇరవై మూడేళ్ళ తేడా ఉంది. నావియే 1822లో పారిస్ సైన్స్ అకాడమీలో తన పేపర్ చదివాడు. స్టోక్స్ 1845లో, పాతికేళ్ళ వయసులో, కేంబ్రిడ్జిలో చదివాడు. ఈలోపు కోషీ, పాసాన్, సాన్ వెనాన్ కూడా ఎవరి దారిన వాళ్ళు అక్కడికే చేరారు. ఒలివియే దారిగోల్ అనే చరిత్రకారుడు అందుకే దీనికి ఐదు పుట్టుకలు అన్నాడు. ఒక సమీకరణానికి అన్ని పుట్టుకలేమిటో! అయినా నన్ను పట్టుకుంది ఆ లెక్క కాదు. ఆ ఐదింటిలో మొదటిది, ఈరోజు మనకి తెలిసినదాన్ని బట్టి చూస్తే, తప్పుడు కారణాల మీద నిలబడింది.

నావియే ఊహించిన ద్రవంలో అణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. రెండు అణువులు దగ్గరవుతుంటే ఆ నెట్టుడు దగ్గరయ్యే వేగానికి తగ్గట్టు పెరుగుతుందనీ, దూరమవుతుంటే తగ్గుతుందనీ అనుకున్నాడు. దాన్ని అన్ని అణువుల మీదా కూడాడు. సమీకరణం వచ్చేసింది. కానీ గాలిలో జరిగేది అది కాదు. అణువులు అన్ని దిక్కులకీ దూసుకుపోతూ, వేగంగా కదిలే పొర నుంచి నెమ్మదిగా కదిలే పొరలోకి తమ వేగాన్ని మోసుకెళ్తాయి. దానివల్లే పొరకీ పొరకీ మధ్య రాపిడి పుడుతుంది. ఈ బొమ్మని 1860లో మాక్స్‌వెల్ గీశాడు. దాన్నుంచి ఎవరూ ఊహించని ఫలితం ఒకటి బయటపడింది: వాయువు పల్చబడినా దాని జిగట మారదు. నమ్మబుద్ధి కాక స్వయంగా ఇంట్లోనే ప్రయోగం పెట్టి చూశాడు, భార్య కాథరిన్ సాయంతో. నిజమే అని తేలింది. నావియే అణువుల నుంచి ఆ ఫలితం ఎప్పటికీ రాదు. కానీ సమీకరణం మాత్రం ఆయన రాసినట్టే ఉంది, ఒక్క పదం కూడా మారలేదు.

మరి నావియేకి ఆ సమీకరణం ‘తెలుసు’ అనొచ్చా?

ఈ ప్రశ్న మనకి కొత్తది కాదు. పన్నెండో శతాబ్దపు శ్రీహర్షుణ్ణి మనం శ్రీనాథుడి పుణ్యమా అని నైషధం రాసిన కవిగానే ఎరుగుదుం. ఆయన రాసిన ‘ఖండనఖండఖాద్యం’ తర్కం పుస్తకం, నైయాయికుల్ని నిద్రపోనివ్వని పుస్తకం. అందులో ఒక ఉదాహరణ ఉంది. ఒకడు గుప్పెట్లో గవ్వలు పట్టుకుని ఎన్నో చెప్పమంటాడు. ఎదుటివాడు ఏదో నోటికొచ్చినట్టు ఐదు అంటాడు. గుప్పెడు తెరిస్తే నిజంగానే ఐదు. ఇంకోచోట, దూరంగా మంచుతెరని చూసి పొగ అనుకుని, అక్కడ నిప్పుంది అంటాడొకడు. వెళ్ళి చూస్తే నిజంగానే నిప్పుంటుంది. ఇవి జ్ఞానమా కాదా? యథార్థమైన అనుభవమే ప్రమ అనుకుంటే ఇవి కూడా ప్రమలే కావాలి కదా, అని శ్రీహర్షుడు గుచ్చుతాడు. అమెరికాలో గెటియర్ మూడు పేజీల వ్యాసంతో ఇలాంటి చిక్కునే లేవదీసింది 1963లో.

నావియే గవ్వల ఆట ఆడినవాడు కాదు, అది ఒప్పుకోవాలి. ఆయనది మంచుతెరని చూసి పొగ అనుకున్న కేసు. అనుమానం పద్ధతిగానే చేశాడు, హేతువే అక్కడ లేదు. ఇంతకీ నిప్పు ఎలా దొరికింది? దీనికి జవాబు ఆ డెరివేషన్ లోపలే ఉంది. అది కనపడాలంటే డెరివేషన్‌ని ఒకసారి నెమ్మదిగా నడవాలి.

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలిన వేలమందిలో నేనొకణ్ణి. మాకు రెండో ఏడాదిలో ఇది పదహారు మార్కుల ప్రశ్న. ఒక చిన్న డబ్బా బొమ్మ, ఆరు ముఖాలకీ బాణాలు, రెండు పేజీల పాక్షిక అవకలనాలు, చివర్న చుట్టూ గీత గీసిన సమాధానం. బోర్డు మీద రాసిన సారు ఆ డబ్బా ఎంత చిన్నదో చెప్పలేదు. మేమూ అడగలేదు. అసలు మొదటి ప్రశ్న అదే. మరీ చిన్నదైతే అందులో ఒకసారి మూడు అణువులు, ఇంకోసారి ఏడు. సాంద్రత అన్న మాటకే అర్థం ఉండదు. మరీ పెద్దదైతే వేగం ఒక మూల ఒకలా, ఇంకో మూల ఇంకోలా ఉంటుంది. మైక్రాన్ పొడవూ వెడల్పూ ఎత్తూ ఉన్న డబ్బా తీసుకోండి. మన గదిలోని గాలి అందులో సుమారు రెండున్నర కోట్ల అణువులు ఉంటుంది. ఒక్కో అణువు ఇంకోదాన్ని గుద్దుకునే లోపు వెళ్ళే దూరం మైక్రాన్‌లో పదిహేనో వంతు. కాబట్టి ఫ్యాను గాలికి ఈ డబ్బా సరిపోతుంది. నేల నుంచి వంద కిలోమీటర్ల ఎత్తులో సరిపోదు. ద్రవం తెగకుండా పరుచుకున్న పదార్థం అన్నది సత్యం కాదు, ఫలానా హద్దుల్లో చెల్లే ఒప్పందం.

తర్వాతి మెట్టు సులువు. డబ్బాలోకి వచ్చినదాంట్లోంచి బయటికి పోయింది తీసేస్తే మిగిలింది. కిరాణా కొట్టు పద్దు.

ఆ తర్వాత న్యూటన్: బలం ఉంటే త్వరణం. ఎవరి త్వరణం? మీరు వంతెన మీద నిలబడి కింద ఒకే చోట నీళ్ళని చూస్తున్నారు. ప్రవాహం నిలకడగా ఉంటే అక్కడ వేగం పొద్దున్నా సాయంత్రం ఒకటే. త్వరణం సున్నా అనిపిస్తుంది. కానీ అదే నీళ్ళ మీద పుట్టిలో కూర్చున్నవాడు నది ఇరుకైన చోటికి రాగానే ముందుకి గుంజబడతాడు. న్యూటన్ మాట్లాడేది పుట్టిలోవాడి గురించి. మనం రాసుకునేది వంతెన మీదవాడి పుస్తకంలో. ఈ రెండిటికీ వంతెన వెయ్యాలంటే (మాట అలా కలిసొచ్చింది) ఒక పదం అదనంగా చేరుతుంది: వేగాన్ని, చోటుని బట్టి వేగం మారే తీరుతో గుణించాలి. వేగం తనని తానే మోసుకుపోతుంది అన్నమాట. సుడిగుండాలు, వాతావరణ సూచనలు పది రోజులు దాటితే తడబడటం, అన్నిటి వెనకా ఈ పదం చెయ్యి ఉంది. పోనీ పుట్టిలోనే కూర్చుని రాద్దామంటే, ఆ చిక్కు పోదు. ఇంకో పదంలోకి వెళ్ళి దాక్కుంటుంది. 1757లో అచ్చయిన ఆయిలర్ పేపర్‌లో ఇదంతా ఉంది. ఇంతవరకూ వాదించడానికేమీ లేదు. ఒప్పందాన్ని ఒప్పుకుంటే మిగతాది ఒప్పుకోక తప్పదు.

అసలు పేచీ ఇక్కడి నుంచి. డబ్బా ముఖాల మీద పక్కనున్న ద్రవం ఎలా తోస్తుంది? ఆయిలర్ నిలువుగా నొక్కే ఒత్తిడి ఒక్కటే తీసుకున్నాడు. అలాంటి ద్రవంలో నిలకడగా కదిలే వస్తువుకి ఎదురు ఏమీ ఉండదని అప్పటికే డాలంబేర్ లెక్క కట్టి చూపించి, తనే తెల్లబోయాడు. చెరువులో చెయ్యి పెట్టి ఆడించిన పిల్లాడికి కూడా అది అబద్ధమని తెలుసు. కాబట్టి రాపిడి కావాలి. స్టోక్స్ అణువుల జోలికి పోలేదు. ద్రవం మొత్తంగా జరిగినా, గట్టి బొంగరంలా తిరిగినా రాపిడి ఉండకూడదు, ఆకారం మారుతుంటేనే ఉండాలి అన్నాడు. ఆ రాపిడి ఆకారం మారే వేగానికి అనుపాతంలో ఉంటుందన్నాడు. ద్రవానికి తూర్పూ పడమర తేడా లేదన్నాడు. ఈ మూడూ చెప్పాక, మిగిలేది రెండే రెండు సంఖ్యలు. సమీకరణం రూపం ఇంకోలా ఉండటానికి వీల్లేదు.

నావియేకి నిప్పు దొరికిన కారణం ఇదే. ఆయన అణువులు తప్పు, కానీ ఆయనకి తెలియకుండానే ఆ అణువులు ఈ మూడు షరతుల్నీ పాటించాయి. ఆ షరతుల్ని పాటించే ఏ కట్టుకథ చెప్పినా అదే సమీకరణం వస్తుంది. అంటే ఆయన చెప్పిన కారణం కన్నా అసలు కారణం చాలా పల్చటిది, చాలా విశాలమైనది. నాకిది అందంగానూ ఉంటుంది, కొంచెం భయంగానూ ఉంటుంది. ఫలితం సరైనది కావడం మన కథ సరైనదనడానికి ఎంత బలహీనమైన సాక్ష్యమో చూడండి.

ఫలితం సరిగ్గా ఉన్నప్పుడు కారణంతో పనేంటి, అనొచ్చు. ఆఫీసులో నా టీమ్‌లో ఒక కుర్రాడున్నాడు, చురుకైనవాడు. ఏఐతో రాయించిన నాలుగు వందల లైన్లు రివ్యూకి పెట్టాడు. ఒక ఫంక్షన్ చూపించి ఇది ఎందుకిలా ఉందన్నాను. “టెస్టులన్నీ పాసయ్యాయి కదన్నా, ఇంకేంటి?” అన్నాడు. పొగరుగా అన్నది కాదు, నిజంగానే అడిగాడు. నేను చెప్పిన జవాబు స్టోక్స్ కథే.

స్టోక్స్ తన సమీకరణాన్ని గొట్టంలో పారే నీళ్ళకి వర్తింపజేసి, అప్పటికున్న ప్రయోగాల కొలతలతో పోల్చాడు. కుదరలేదు. టెస్ట్ ఫెయిల్ అన్నమాట. ఏం చెయ్యాలి? ఫలితాన్నే నమ్ముకునేవాడైతే సమీకరణాన్ని చెత్తబుట్టలో వేసేవాడు, లేదా అంకెలు కలిసేదాకా ఒక పదం అతికించేవాడు. స్టోక్స్‌కి ప్రతి మెట్టు దేనిమీద నిలబడిందో తెలుసు కాబట్టి ఎక్కడ అనుమానించాలో తెలిసింది. గోడకి ఆనుకున్న నీళ్ళు జారతాయా, అంటుకుని ఉంటాయా అన్నది డెరివేషన్‌లో లేదు, బయటి నుంచి తెచ్చి పెట్టాలి. ఆయన వేలు దానిమీద పెట్టాడు, సమీకరణాన్ని ముట్టుకోలేదు. తర్వాత 1851లో అచ్చయిన లోలకాల పేపర్‌లో, నీళ్ళూ గాలీ ఉపరితలానికి అంటుకునే ఉంటాయని తీసుకుంటే కొలతలు చక్కగా కలిశాయి. గొట్టాల గొడవకి కారణం వేరు: ఆ పెద్ద గొట్టాల్లో ప్రవాహం కల్లోలంగా మారిపోయి ఉంటుంది. గాజు గొట్టంలో రంగు నీళ్ళు వదిలి రెనాల్డ్స్ దాన్ని స్పష్టంగా చూపించింది 1883లో. కారణం తెలిసినవాడికి పొరపాటు అంచనాలు ఉండవని కాదు. సందేహానికి ఒక చిరునామా ఉంటుంది, అంతే తేడా.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది మన గోదావరి ఒడ్డునే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. స్టోక్స్ పేపర్ అప్పటికే వచ్చేసింది. కాటన్‌కి దాంతో ఏ పనీ పడలేదు. ఇసుకలో పునాది ఎలా నిలుస్తుందో కావేరి మీది పాత కల్లణై చూసి నేర్చుకున్నాడు. మరి డెరివేషన్ లేకుండానే నది ఆగింది కదా? ఆగింది. కానీ కాటన్ దగ్గర కారణాలు లేవని ఎవరనగలరు? కారణమంటే సమీకరణమే కానక్కర్లేదు. ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో తెలియడం కావాలి. సమీకరణాల్లో మునిగితేలిన నావియే పారిస్‌లో సేన్ నది మీద వేలాడే వంతెన కడితే, 1826లో పూర్తికాకముందే లంగరు కట్టడంలో పగుళ్ళు వచ్చి, చివరికి విప్పేయాల్సి వచ్చింది. ఆయన శత్రువులు ఆనందించారు. నేను మాత్రం దాన్ని గణితం ఓటమిగా చదవను. లంగరు కింద మట్టి గురించి వంతెన లెక్క ఏమీ చెప్పదు.

ఇప్పుడు ఈ సమీకరణాన్ని సాధించే సాఫ్ట్‌వేర్ ఎవరైనా వాడొచ్చు. రంగురంగుల బొమ్మ వస్తుంది. వరద నీళ్ళు ఏ వీధిదాకా వస్తాయో నీలం గీత గీసి చూపిస్తుంది. గీతకి ఇవతల ఉన్న ఇంటివాళ్ళు ఆ రాత్రి సామాను సర్దుకోరు, ఎందుకంటే సర్దుకోనక్కర్లేదని ఎవరో సంతకం పెట్టారు. ఆ కల్లోలాన్ని సాఫ్ట్‌వేర్ పూర్తిగా లెక్కించదు, దాని బదులు ఒక నమూనా పెట్టుకుంటుంది. ఆ నమూనా ఏ ప్రవాహాల మీద సరిచూసిందో సంతకం పెట్టినవాడికి తెలియకపోతే, గీత సరిగ్గా వచ్చినా సరే, ఆయన చేసింది గుప్పెట్లో గవ్వలు చెప్పడమే. ఈసారి ఐదు ఉన్నాయి. ఆ ఇంటివాళ్ళకి డెరివేషన్ చదివే బాధ్యత లేదు. అందుకే అది ఈయన మీద రెట్టింపు ఉంది. ఇక్కడ నేను రాజీ పడను.

అలాగని డెరివేషన్ అంతా తెలిస్తే నేల గట్టిపడుతుందని కూడా అనుకోకండి. ప్రతి మెట్టులోనూ మనం వేగం నునుపుగా మారుతుందని అనుకున్నాం, లేకపోతే అవకలనమే చెయ్యలేం. మొదట నునుపుగా ఉన్న ప్రవాహం మూడు కొలతల్లో ఎప్పటికీ నునుపుగానే ఉంటుందా? 1934లో లెరే బలహీన పరిష్కారాలు ఉంటాయని చూపించాడు గానీ అవి నునుపుగా ఉండితీరతాయని చూపలేకపోయాడు. 2000లో క్లే సంస్థ దీనిమీద పది లక్షల డాలర్లు పెట్టింది. ఒకవేళ ఎక్కడో వేగం అనంతమైపోతుందని తేలితే, సమీకరణం తను పుట్టిన ఊహనే తను తుడిచేసినట్టు.

స్టోక్స్ దగ్గర మిగిలిన ఆ రెండు సంఖ్యల మాట మధ్యలో వదిలేశాను. ఒకటి మనకి తెలిసిన విస్కాసిటీ, తేనెకి ఎక్కువ, నీళ్ళకి తక్కువ. రెండోది ద్రవం అన్ని వైపుల నుంచీ ఒకేలా కుదించుకుపోతున్నప్పుడు పనిచేసే రాపిడి. దాన్ని స్టోక్స్ సున్నా అనుకున్నాడు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని స్టోక్స్ పరికల్పన అంటారు, ఒక్క లైనులో తేల్చేస్తారు. హీలియం, ఆర్గాన్ లాంటి ఒంటి పరమాణువుల వాయువులకి అది సరిపోతుంది. నీళ్ళకి సరిపోదు, శబ్దం నీళ్ళలో ఎంత త్వరగా సన్నగిల్లుతుందో కొలిస్తే ఆ రెండో సంఖ్య మొదటిదానికి దాదాపు మూడు రెట్లు వస్తుంది. నీళ్ళు కుదించుకుపోవడం అరుదు కాబట్టి మామూలు లెక్కల్లో ఎవరికీ తేడా కనపడదు. ఆరేళ్ళ తర్వాత లోలకాల పేపర్‌లోనే స్టోక్స్, ఆ ఊహ మీద తనకి ఎప్పుడూ పెద్ద నమ్మకం లేదని రాసుకున్నాడు. పరికల్పనకి మాత్రం ఇప్పటికీ ఆయన పేరే ఉంది.