కన్నీళ్ళొక్కటే చరిత్రా?

మా దాదీమాకి గతమంటే రెండే కాలాలు. నిజాం రాజ్యం, 1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్. మొదటిది చెప్పేప్పుడు గొంతు పెంచేది. రెండోది చెప్పేప్పుడు గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించేది. ఆ నిజాం రాజ్యంలో మా దాదా టాంగా తోలి బతికాడన్న సంగతి మాత్రం ఆమె కథల్లో ఎక్కడా ఉండేది కాదు.

యూదుల చరిత్ర చదివినప్పుడల్లా నాకు దాదీమాయే గుర్తొస్తుంది. సాలో బారన్ అనే యూదు చరిత్రకారుడు 1928లో తనవాళ్ళ చరిత్ర రచననే నిలదీశాడు. ఊచకోతలూ బహిష్కారాలూ తప్ప మనకింకేమీ లేనట్టు ఎందుకు రాసుకుంటున్నామన్నాడు. మధ్యయుగాల యూరప్‌లో యూదులకి సొంత న్యాయస్థానాలున్నాయి, బడులున్నాయి. భూస్వాముల కింద నలిగిన రైతుల బతుకు అంతకంటే హీనమన్నాడు. ఆ తర్వాత నాజీలు 60 లక్షల మంది యూదుల్ని చంపారు. వాళ్ళలో బారన్ తల్లిదండ్రులున్నారు. 1961లో ఐక్‌మన్ విచారణలో ఆయన సాక్ష్యం చెప్పాడు. అయినా కన్నీళ్ళొక్కటే చరిత్ర కాదన్న మాట వదులుకోలేదు.

ఆ మాటకి రుజువు కైరోలో ఉంది. దేవుడి పేరున్న కాగితం పారెయ్యకూడదని అక్కడి బెన్ ఎజ్రా ప్రార్థనా మందిరంలో ఒక గదిలో దాచేవారు. దాన్ని గెనీజా అంటారు. 19వ శతాబ్దం చివర ఆ గదిలోంచి లక్షలకొద్దీ కాగితాలు బయటి లోకానికి చేరాయి. పెళ్ళి ఒప్పందాలు, అప్పు పత్రాలు, మన మలబారు తీరంతో వ్యాపారం చేసినవాళ్ళ ఉత్తరాలు. ఆ ఉత్తరాల్లో చాలావాటి భాష అరబ్బీ, లిపి హీబ్రూ. ఉర్దూ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసిన మా అమ్మీ సరుకుల చీటీలు నా కళ్ళముందు కదిలాయి.

పాలస్తీనా మీద ప్రేమతో మనవాళ్ళు కొందరు ఆ 60 లక్షల చావులూ అబద్ధమంటారు. అది ప్రేమ కాదు, సిగ్గుచేటు. ఆ చావుల్ని అడ్డంపెట్టి, 1948లో ఇల్లూవాకిలీ పోయిన 7 లక్షల మంది పాలస్తీనీయుల గోడు వినమనేవాళ్ళదీ అదే తప్పు. తన కన్నీళ్ళు మాత్రమే లెక్కపెట్టుకునేవాడికి ఎదుటివాడి కళ్ళు కనపడవు.

మరి మనం? దాదీమా గొంతు తగ్గించి చెప్పిందాన్ని గట్టిగానే రాద్దాం. దాన్ని దాచమని ఎవరడిగినా ఒప్పుకోవద్దు. కానీ పక్కనే టాంగా గురించీ రాద్దాం, సరుకుల చీటీల గురించీ రాద్దాం. అవి లేకపోతే చదివేవాళ్ళకి మనం ఒకప్పటి నవాబులుగానో, ఇప్పటి బాధితులుగానో మిగుల్తాం. మనుషులుగా మిగలం.