ఓడ మీది అంకెలు

జ్ఞానాపురంలో ఒక కళాసీ ఉండేవాడు. విశాఖ పోర్టులో ముప్ఫై ఏళ్లు బస్తాలు మోశాడు. ఒకనాడు జారిన బస్తాల కింద కుడి మోకాలు నలిగింది. ఎముక అతికింది గానీ కాలు మునుపటిలా వంగలేదు. అయినా ఎవరడిగినా ఒకటే మాట: "నాకేటయింది? నడుస్తన్నాను కదేటి!"

కొడుకు పోరు పడలేక సచివాలయానికెళ్లి, వైకల్యం శాతం తేల్చే సదరం శిబిరానికి స్లాటు తీయించుకున్నాడు. కనీసం నలభై శాతం వైకల్యం ఉందని కాగితం వస్తే పింఛను వస్తుంది. 2024 జూలై నుంచి అది నెలకు 6,000 రూపాయలు. ఆ రోజు గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతికర్ర ఇంట్లోనే వదిలేసి బయల్దేరాడు. ఆసుపత్రి వాలు ఎక్కుతూ మూడుచోట్ల గోడ పట్టుకుని ఆగాడు. గది ముందుకు రాగానే చెమట తుడుచుకున్నాడు.

"నడవగలవా తాతా?"

"శుభ్రంగా నడుస్తాను బాబూ."

"మెట్లు?"

"ఎక్కేస్తాను."

"నేల మీద కూర్చోగలవా?"

"ఎందుకు కూర్చోనూ!"

డాక్టరు మోకాలు ఎంత వంగుతోందో కొలిచాడు. గదిలో నాలుగడుగులు నడిపించాడు. తాత పళ్లు బిగబట్టి నడిచాడు. బయట వరస చాంతాడంత ఉంది. మిగతావాటికి ఆయన తాత మాటే నమ్మాడు. కాగితం మీద 30 శాతం పడింది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర, పోర్టులో టాలీ గుమాస్తాగా చేసి రిటైరైన బావ సంగతంతా విన్నాడు.

"బావా, బొగ్గు ఓడలో సరుకెంతుందో కాటా పెట్టి తూస్తారేటి?" అని అడిగాడు.

"ఓడనెక్కడ తూస్తారు? పక్కన అంకెలు రాసుంటాయి కదా. నీరు ఏ అంకె దాకా వచ్చిందో చూసి లెక్క కడతారు."

"మరి ఓడని అడిగితే ఏటంటాది? తేలుతున్నానంటాది. ఖాళీ ఓడా తేలుతాది, నిండోడా తేలుతాది. నువ్వూ డాక్టరు బాబుకి తేలుతున్నానని చెప్పొచ్చావు. ఎంత మునిగి తేలుతున్నావో చెప్పావేటి?"

కళాసీకి కోపమొచ్చింది. "అయితే లేని కుంటు నటించమంటావా?"

"ఉన్న అంకె చెరపొద్దు, లేని అంకె రాయొద్దు. ఇంకోటి. కెరటం లేచినప్పుడు నీరు ఒక అంకె మీదుంటాది, దిగినప్పుడు ఇంకో అంకె మీదుంటాది. రెండూ చూసి, మధ్యది కడతారు. నువ్వు నీ మంచి రోజొక్కటే చూపించొచ్చావు."

ఆ రాత్రి మనవరాలు నోటుపుస్తకం తీసింది. పదిహేను రోజులు రాసింది. పాల బూతుకెళ్లి రావడానికి నాలుగుసార్లు ఆగాడు. మెట్టు మెట్టుకీ రెండు కాళ్లూ కలిపి, కమ్మీ పట్టుకుని ఎక్కాడు. దొడ్లో గొంతుక్కూర్చోలేక కుర్చీ వేయించుకున్నాడు. మంగళవారం స్నానాలగదిలో మలుపు తిరగబోయి పడ్డాడు. ఆదివారం బాగుంది, ఆగకుండా వీధి చివరిదాకా వెళ్లాడు. సోమవారం మంచం దిగలేదు.

తేల్చిన శాతం తప్పనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. కళాసీ అప్పీలు పెట్టుకున్నాడు. ఈసారి కర్రతోనే వెళ్లాడు. కాలి నిలకడ చూసేందుకు వైద్యులు అడిగేవి కొన్ని ఉన్నాయి: చదునైన నేల మీద నడక, వాలు మీద నడక, మెట్లెక్కడం, రెండు కాళ్ల మీద నిలబడటం, దెబ్బ తగిలిన కాలి మీద నిలబడటం, గొంతుక్కూర్చోవడం, మఠం వేసుకోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం, మలుపు తిరగడం. ఒక్కొక్కదానికీ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆదివారం సంగతి కూడా దాచలేదు.

"నొప్పిగా ఉందా తాతా?" అని డాక్టరు అడిగితే, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట తలొంచుకుని చెప్పాడు: "ఉంది బాబూ."

కాగితం మీద ఈసారి 50 పడింది. వాలు దిగుతూ మూడుచోట్ల ఆగాడు. ఎవరు చూస్తున్నారోనని వెనక్కి తిరగలేదు.

నీతి: "నడవగలవా?" అన్న ప్రశ్నకు "నడుస్తాను" అన్నది సగం జవాబే. ఎంత దూరం, ఎన్నిచోట్ల ఆగి, దేన్ని పట్టుకుని, మర్నాడు ఏమవుతుంది అన్నది మిగతా సగం. లేని బాధ చెబితే ఇంకొకరి కూడు తిన్నట్టు. ఉన్న బాధ దాస్తే మన కూడు మనమే పారబోసుకున్నట్టు.