ఇంజినులో చిక్కుకొన్న గాలి

ధ్యాన భాగములు: 32వ కీర్తన, మత్తయి 5:23, 24



మా పాస్టరేటుకు ఒక పాత అంబాసిడరు కారు కలదు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాను తీసికొని, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో ఈ బండ్లు చేసిరి. 2014లో అవి తయారగుట ఆగిపోయెను. అయినను మా పల్నాటి రోడ్ల మీద అది ఇంకను మమ్మును గ్రామ సంఘములకు చేర్చుచునే యున్నది. గత వేసవిలో ఆ బండి మాకు నేర్పిన పాఠమును మీతో చెప్పవలెనని వ్రాయుచున్నాము.

ఒక శనివారము మధ్యాహ్నము రేడియేటరు క్రింది హోసు పైపు కారుచుండగా, మేమే దానిని విప్పి క్రొత్తది బిగించితిమి. ఇంజినులో నీరంతయు పోయినది గనుక బకెట్టుతో గబగబ నీరు పోసితిమి. నీరు మూతి వరకు వచ్చెను. నిండినదని మూత బిగించి ప్రయాణమైతిమి. మరునాడు ఒక గ్రామ సంఘములో ప్రభురాత్రి భోజన సంస్కారము ఉండెను.

పది కిలోమీటర్లు పోకముందే కాలిన వాసన వచ్చెను, ఇంజిను బలము తగ్గెను, ముందు నుండి ఆవిరి లేచెను. వేడి చూపు మీటరు వైపు చూచితిమి. ముల్లు క్రిందనే యున్నది! ఇంజిను కాలిపోవుచుండగా మీటరు చల్లగా ఉన్నదని చెప్పుచుండెను.

ట్రాక్టరుకు తాడు కట్టి బండిని సమీపపు షెడ్డుకు లాగించితిమి. మేము తొందరపడి నీళ్ళ బిందె పట్టుకొనగా మేస్త్రి సాయిబుగారు కేక వేసెను. “ఆగండి అయ్యగారూ! కాలిన ఇంజిన్‌లో చన్నీళ్ళు పోస్తే హెడ్డు పగులుద్ది. ఇప్పుడు మూత తీస్తే ఆవిరి మొహం మీద కొడుద్ది. ముందు చల్లారనీయండి.”

చల్లారిన తరువాత ఆయన సంగతి వివరించెను. ఇంజినులోని వేడిని మోసికొనిపోవునది నీరు. పంపు తోయగా అది సిలిండర్ల చుట్టును హెడ్డులోను తిరిగి, రేడియేటరులో చల్లబడి, మరల ఇంజినులోనికి పోవును. మధ్యలో థర్మోస్టాట్ అను చిన్న తలుపు కలదు. నీరు సుమారు 80 డిగ్రీలకు కాగువరకు అది తెరచుకొనదు. మూసిన ఆ తలుపు వెనుక గాలి చిక్కుకొనకుండ దానికి సన్నని రంధ్రము ఉండును. మా బండిలో ఏండ్ల తరబడి వట్టి బోరు నీరు పోసినందున ఆ రంధ్రము తుప్పుతో పూడిపోయెను. మేము గబగబ పోసిన నీటి క్రింద గాలి చిక్కుకొని హెడ్డులో నిలిచెను. నీరు మోసినట్లు గాలి వేడిని మోయలేదు గదా!

“మరి మీటరు అబద్ధము చెప్పెనేమి?” అని అడిగితిమి.

“మీటరు అబద్ధం చెప్పలేదు అయ్యగారూ. దానికి నీళ్ళు తగల్లేదు, అంతే” అనెను.

ప్రియులారా, ఆ మాట మా గుండెలో గ్రుచ్చుకొనెను. మేము వెళ్ళుచున్న ఆ గ్రామములోనే మాకును ఒక సంఘపెద్దకును రెండేండ్లుగా మాటలు లేవు. కోతపండుగ కానుకల లెక్కలో తేడా ఉన్నదని మేము ఆయనను సంఘము ఎదుట నిలదీసితిమి. ఆయన మారు పలుకక తాళపుచెవులు బల్ల మీద పెట్టి కూర్చుండెను. నెల దినముల తరువాత లెక్క తిరిగి చూడగా, కూడికలో తప్పు మాదే. తేడా ఏమియు లేదు. అయినను సంఘము ఎదుట ఆ మాట చెప్పలేకపోతిమి. కాపరి మాట తప్పిపోయెనని జనులందురని గర్వము అడ్డుపడెను. ఆయన మాత్రము ప్రతి ఆదివారము వచ్చి వెనుక చాప మీద కూర్చుండి, బల్లయొద్దకు రాకయే ఇంటికి పోవుచుండెను. మేము ప్రసంగించుచుంటిమి, ప్రార్థించుచుంటిమి, రాత్రి బాగుగా నిద్రించుచుంటిమి. మనస్సాక్షి ముల్లు క్రిందనే యుండెను! పాపము నొప్పుకొనక మౌనముగా నున్న దినములలో తన బలము ఎండకాలమున ఎండినట్లాయెనని దావీదు 32వ కీర్తనలో తెలిపెను. మేమో, ఆ కీర్తన చదివియు ఎండిపోవుచున్న సంగతి ఎరుగకుంటిమి. మనస్సాక్షి మౌనముగా ఉన్నదని మనము నిర్దోషులము కాము. దానికి వాక్యమను నీరు తగులుచున్నదా అని మొదట చూచుకొనవలెను.

మేస్త్రి గాలి తీసిన విధమును గమనించుడి. మొదట తుప్పు నీరంతయు వదలి, శుభ్రమైన నీటితో కడిగెను. థర్మోస్టాట్ విప్పి రంధ్రము శుభ్రపరచి, వేడి నీళ్ళలో వేసి అది తెరచుకొనుట చూచెను. బండి ముక్కు మిట్ట మీదకు ఎక్కించెను. గాలి ఎప్పుడును పైకే పోవును గనుక రేడియేటరు మూతి అన్నిటికంటె ఎత్తుగా ఉండవలెను. మూత తీసియుంచి, కూలెంటు కలిపిన నీటిని సన్నని ధారగా పోసి, ఇంజినును నెమ్మదిగా తిరుగనిచ్చెను. కొంతసేపటికి పై హోసు వేడెక్కెను, బుడగలు వచ్చెను, నీరు దిగిపోయెను. మరల పోసెను. మరల బుడగలు, మరల నీరు. “బుడగలు ఎంతకీ ఆగకపోతే హెడ్ గాస్కెట్ పోయినట్టే. మీ అదృష్టం, ఆగినాయి” అని అప్పుడు మూత బిగించెను. “రేపు చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ చూడండి. ఇంకా దిగుద్ది” అని పంపెను.

ఇందులో మనకు మూడు సంగతులు గలవు.

మొదటిది, కోపము కాగుచున్నప్పుడు మూత తీయరాదు, ఎదుటివాని ముఖము కాలును. అయితే ఇంజిను చల్లారుటకు గంట చాలును. మేము రెండేండ్లు తీసికొంటిమి! ప్రొద్దు గ్రుంకువరకే కోపమునకు గడువని పౌలు ఎఫెసీయులకు నేర్పెను గదా.

రెండవది, గాలి పైనుండియే వెడలవలెను. పదిమంది ఎదుట చేసిన తప్పును చాటున ఒప్పుకొనినయెడల సగము గాలి లోపలనే నిలుచును.

మూడవది, ఒక్కసారి పోసినంతనే నిండదు.

ఆ రాత్రి ఎనిమిది గంటలకు ఆ పెద్దగారి వాకిట నిలిచి, “తప్పు మాదే, క్షమించండి” అంటిమి. ఆయన చాలసేపు నేల చూచి, “ఈ మాటకు రెండేళ్ళు పట్టిందా అయ్యగారూ?” అని మాత్రము అనెను. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చెను. మరునాడు బల్లయొద్దకు రాకముందు సంఘమంతటి ఎదుట మా కూడిక తప్పును చెప్పితిమి. ఆయన ఆ దినమున బల్లయొద్దకు రాలేదు. ఆరాధన తరువాత బండి మూత తీసి చూడగా, అరచెంబు నీరు పట్టెను. అప్పుడు మేస్త్రి మాట జ్ఞాపకము వచ్చెను. మరల ఆయన ఇంటికి వెళ్ళితిమి, ఆ మరుసటి వారమును వెళ్ళితిమి. మూడవ నెల సంస్కారమునకు ఆయన వెనుక చాప మీదనుండి లేచి ముందుకు వచ్చి మోకరించెను. రొట్టె ఇచ్చుచుండగా మా చేయి వణకెను.

చదువరులారా, మీకును గట్టు తగాదా పెట్టుకొన్న అన్నదమ్ములు ఉందురు, పెండ్లినాటి మాటకు అలిగిన వియ్యంకులు ఉందురు. కానుక చేత పట్టుకొని గుడికి వచ్చుచున్నాము. మొదట ఎవరి యింటికి వెళ్ళవలెనో ప్రభువు చెప్పియే యున్నాడు. మీటరు చల్లగా ఉన్నదని మోసపోకుడి. మూత తీయుడి.

ప్రార్థన: ప్రభువా, మా లోపల చిక్కుకొన్న గర్వమును నీవు ఎరుగుదువు. మౌనముగా నున్న మా మనస్సాక్షికి నీ వాక్యమును తగులనిమ్ము. తప్పు ఒప్పుకొను ధైర్యమును, మరల మరల వెళ్ళు ఓర్పును దయచేయుము. ఆమేన్.