ఎదుటివాడి వంతు

ఒరే చిన్నా,

నువ్వు రాత్రిళ్ళు ఆడే ఆ ఆట గురించి ఇంట్లో అందరూ తలో మాటా అంటున్నారు గానీ, నాకు దాని మీద కోపమేం లేదు. నీ పక్కన కుర్చీ వేసుకుని చూసినవాణ్ణి కదా. పేరుకు జీటీఏ, కానీ మీ సర్వర్‌లో పాయింట్ల కోసం ఎవడూ పరుగులు పెట్టడు. ఒకడు పోలీసు, ఒకడు మెకానిక్కు, ఒకడు అంబులెన్సు డాక్టరు. నువ్వేమో దొంగబళ్ళు అమ్మే బుజ్జి భాయ్‌వి. హైదరాబాద్ కుర్రాడు, తెనాలి కుర్రాడు, డల్లాస్‌లో చదువుకుంటున్న ఇంకొకడు, ఖరగ్‌పూర్ మథురాకాటి రైల్వే క్వార్టర్లోంచి నువ్వు, అందరూ ఒకే ఊళ్ళో కాపురం ఉన్నట్టు మాట్లాడుకుంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్ళం మనం. నీ తరానికి వచ్చేసరికి తెలుగు వంటింట్లో మిగిలితే అదే పదివేలు అనుకున్నాను. తెలుగులో పేరు రాయడానికే తడబడే నువ్వు మైకు ముందు బేరాలాడుతుంటే ముచ్చటేసింది. అంచేత ఆట మానమని చెప్పను. మర్యాదగా ఆడమని చెబుతాను, విను.

మొన్న నీకు మూడు రోజులు బ్యాన్ పడినప్పుడు నువ్వు చేసిన వాదన నాకు గుర్తుంది. "నా క్యారెక్టరే రౌడీ తాతయ్యా, రౌడీ కొట్టక ఏం చేస్తాడు?" అన్నావు. సగం నిజమే. కథలో రౌడీ ఉండాలి. అందరూ బుద్ధిమంతులైతే మీ పోలీసులకు పనేముంది? కానీ ఆ రాత్రి జరిగింది వేరు. తెనాలి కుర్రాడు పెట్రోల్ బంకు దగ్గర నిలబడ్డాడు. నువ్వు మాటా పలుకూ లేకుండా కారు తెచ్చి గుద్దేశావు. వాడి ఆట అక్కడితో సరి. అదే కారు ఆపి, అద్దం దించి, "నా బాకీ సంగతేంట్రా?" అని ఒక్క మాట అని ఉంటే? వాడు బతిమాలేవాడో, అబద్ధం చెప్పేవాడో, పరుగెత్తేవాడో, పోలీసులకు ఫోన్ కొట్టేవాడో. అరగంట కథ నడిచేది. ఆ తర్వాత కొట్టినా ఎవరూ కాదనేవారు కారు. వాడు జవాబు చెప్పుకునే వంతు నువ్వు లాగేసుకున్నావు. తప్పు అక్కడుంది.

మీ రూల్స్ పుస్తకం ఎంత లావున్నా, అందులో నాకు కనిపించింది ఈ ఒక్క సంగతే. కారణం లేకుండా చంపొద్దు, కారునే ఆయుధం చేయొద్దు అన్నవి ఇందాకటి తప్పుకే. ఎవడో దాక్కున్న చోటును వాడి లైవ్ స్ట్రీమ్‌లో చూసి, బుజ్జి భాయ్‌కి కలలో తెలిసినట్టు అక్కడికే వెళ్ళిపోతే అది మెటాగేమింగ్. దాక్కునే వంతు వాడికి లేకుండా చేశావన్నమాట. పట్టుబడే సమయానికి నెట్ పోయిందని ఆటలోంచి జారుకుంటే, అరెస్టు చేసే వంతు పోలీసుకు పోయింది. చచ్చి లేచిన పాత్ర పాతది మరిచిపోవాలన్న రూల్ కూడా అందుకే పెట్టారు. లేకపోతే కొత్త కథకు చోటెక్కడిది? వాడు నిన్నూ, నువ్వు వాణ్ణీ తెల్లవార్లూ చంపుకుంటూ కూర్చుంటారు. 2013లో జీటీఏ ఫైవ్ తెచ్చిన కంపెనీ మీకు రోడ్లూ కార్లూ తుపాకులూ ఇచ్చింది. ఈ మర్యాదలు మాత్రం ఆడేవాళ్ళు దెబ్బలు తిని తిని రాసుకున్నవి. అందుకే వాటిని గౌరవించమంటున్నాను.

నీ స్క్రీన్ మీద నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఎవడి జేబులైనా వెతకాలంటే నువ్వు స్లాష్ మీ కొట్టి "జేబులు వెతుకుతున్నాడు" అని రాస్తావు. తర్వాత స్లాష్ డూ కొట్టి "ఏమైనా దొరికిందా?" అని అడుగుతావు. దొరికిందో లేదో చెప్పాల్సింది ఎదుటివాడు. ఆ ప్రశ్నార్థకం దగ్గర ఆగడం వచ్చినవాడే ఆటగాడు. "జేబులు వెతికి లక్ష రూపాయలు లాక్కున్నాడు, వీడు కింద పడి ఏడుస్తున్నాడు" అని మొత్తం నువ్వే రాసేస్తే దాన్ని మీరు పవర్‌గేమింగ్ అంటారు.

ఇది చిన్న విషయమనుకోకు. మీ ఆటలకు తాత లాంటిది ఒకటి అమెరికాలో పుట్టింది. 1990లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పావెల్ కర్టిస్ అనే ఆయన మొదలుపెట్టిన లాంబ్డామూ. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. అక్కడ మిస్టర్ బంగిల్ అనే పేరు పెట్టుకున్న ఒకడు, ఒక ప్రోగ్రాం అడ్డుపెట్టుకుని, పక్కవాళ్ళ పాత్రలు ఏం చేస్తున్నాయో వాళ్ళ ప్రమేయం లేకుండా తానే రాయడం మొదలెట్టాడు. రాసినవన్నీ నోటితో చెప్పుకోలేనివి. జూలియన్ డిబెల్ అనే విలేకరి 1993 డిసెంబర్లో విలేజ్ వాయిస్ పత్రికలో ఈ సంగతంతా రాశాడు. బాధపడిన వాళ్ళలో ఒకావిడ సియాటిల్లో కూర్చుని తన కోపాన్ని రాస్తూ నిజంగానే కన్నీళ్ళు పెట్టుకుందట. ఆ ఆట జనంలో కొందరు సమావేశమై గంటల తరబడి వాదించుకున్నారు. చివరికి నిర్వాహకుల్లో ఒకడు బంగిల్ ఖాతాను తుడిచిపెట్టేశాడు. ఆ తర్వాతే కర్టిస్ అక్కడ జనం ఓటేసి నిర్ణయించుకునే పద్ధతి పెట్టాడు. ఉత్త అక్షరాలకే మనిషి అంత నొచ్చుకుంటే, గొంతులు వినిపించే మీ ఆటలో ఎంత జాగ్రత్తగా ఉండాలో చూసుకో.

నువ్వు వెంటనే "సరదాగా అల్లరి చేయడం కూడా తప్పేనా?" అంటావు. తప్పు కాదు. మొన్న ఫోన్లో అష్టావధానం పెట్టి చూపించాను కదా. ఎనిమిది మంది పృచ్ఛకుల్లో అప్రస్తుత ప్రసంగం చేసేవాడికి ఉన్న పనే అల్లరి. అవధాని పద్యం కడుతుంటే మధ్యలో దూరి తలాతోకా లేని ప్రశ్న వేస్తాడు. వేసి, నోరు మూసుకుని జవాబు కోసం చూస్తాడు. అవధాని చమత్కారంగా తిప్పికొడితే అందరికంటే ముందు చప్పట్లు కొట్టేదీ తనే. ప్రశ్న వేసి మైకు పట్టుకుని వదలకపోతే సభవాళ్ళు లేచి పంపించేస్తారు. నువ్వూ అల్లరి చెయ్యి, అవతలివాడి గెలుపుక్కూడా చోటుంచి చెయ్యి.

చెడగొట్టేవాళ్ళు ఎక్కువైతే ఏమవుతుందో రిచర్డ్ బార్టిల్ ఎప్పుడో చెప్పాడు. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షాతో కలిసి ఈ తరహా ఆటల్లో తొలిదైన మడ్‌ను కట్టినవాడాయన. 1996లో రాసిన వ్యాసంలో ఆడేవాళ్ళను పేకముక్కల్లా నాలుగు రంగులుగా విడదీశాడు. సంపాదించేవాళ్ళు డైమను, వింతలు వెతికేవాళ్ళు ఇస్పేటు, కబుర్లకు వచ్చేవాళ్ళు ఆటీను, ఇతరుల మీద పడేవాళ్ళు కళావరు. కళావర్లు పెరిగితే ముందు ఆటీన్లు లేచిపోతాయి. మాటల కోసం వచ్చినవాళ్ళు పోయాక మీలాంటి సర్వర్‌లో మిగిలేది ఖాళీ రోడ్లే.

ఇంకో మాట. బుజ్జి భాయ్ ఆటలో పోలీసును ఎంతైనా తిట్టొచ్చు. పోలీసు వేషం వేసిన కుర్రాణ్ణి నువ్వు తిట్టకూడదు. యాస, కులం, ఊరు, అమ్మ, ఇవి వేషానివి కావు, మనిషివి. మన మాటలో హిందీ, బంగ్లా దొర్లుతాయని "ఇదెక్కడి తెలుగురా" అని ఎవడో నవ్వినప్పుడు నువ్వు ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ వారంలోనే ఆదిలాబాద్ కుర్రాడి యాసను నువ్వు పట్టిపట్టి అనుకరించడం నా చెవిన పడింది. ఇక మీ సర్వర్‌లోకి ఆడపిల్ల వచ్చి మైకు ఆన్ చేస్తే, ఆ అమ్మాయి వేసిన డాక్టరు వేషం వదిలేసి అందరూ అసలు పేరూ ఇన్‌స్టాగ్రామూ అడుగుతారేం? వైద్యం చేయించుకోవడానికి వెళ్ళండి, చేయించుకుని రండి.

నీకే ఎవడైనా అన్యాయం చేస్తే అప్పటికప్పుడు బదులు తీర్చుకోకు. సీన్ పూర్తిచెయ్యి, క్లిప్ దాచుకో, అడ్మిన్లకు టికెట్ పెట్టు, జరిగింది జరిగినట్టు రాయి. ఆటలో తగువును వాట్సాప్‌లోకి మొయ్యకు. మీ నాన్నకు మార్నింగ్ షిఫ్టు ఉన్న వారం పదింటికల్లా మైకు ఆపు. క్వార్టర్ గోడలు ఎంత పలచనో నీ హెడ్‌సెట్‌కు తెలియదు గానీ ఆయన నిద్రకు తెలుస్తుంది.

నువ్వూ నీ ఫ్రెండ్సూ సొంత సర్వర్ పెడతారట. శుభం. రూల్స్ తక్కువ రాయండి, అందరికీ ఒకేలా పెట్టండి. కొత్తగా వచ్చినవాడు తెలియక తప్పు చేస్తే ముందు పక్కకు పిలిచి చెప్పండి. తెలిసి చేసేవాడు మీవాడే అయినా వదలకండి. అడ్మిన్‌గా నీ మొదటి బ్యాన్ నీ ప్రాణస్నేహితుడికే వెయ్యాల్సి రావచ్చు. వెయ్యి. వేసిన సాయంత్రం వాణ్ణే బండెక్కించుకుని గోల్‌బజార్‌కి వెళ్ళి చాయ్ తాగండి, డబ్బులు నేనిస్తాను.

మీ తాతయ్య