పోసినది నిలవాలంటే

టెక్కలి దాపున నౌపడలో సముద్రపు నీటిని మడులకు మళ్ళించి, ఎండబెట్టి ఉప్పు తీస్తారని మీకు తెలిసినదే. ఆ ఉప్పును తిరిగి మంచినీటిలో కరిగిస్తే సముద్రపు నీరవుతుందా? కాదు. నీరు ఇగిరేకొద్దీ ముందుగా సున్నపు పదార్థాలు అడుగున పేరుకుంటాయి. తరువాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియంలో ఎక్కువ భాగం చివరకు మిగిలే చేదు నీటిలో ఉండిపోతుంది. ఆ చేదు నీటిని వేరుచేసి తీసివేస్తారు.

ఇంట్లో అద్దాల తొట్టెలో పగడపు జీవులను పెంచేవారికి ఈ సంగతి ముఖ్యం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వాటిలో కాల్షియం 400 మిల్లీగ్రాములకు కొంచెం పైన, మెగ్నీషియం దాదాపు 1,300 మిల్లీగ్రాములు. రాతి పగడం నీటిలోని కాల్షియాన్ని, కార్బొనేటును తీసుకుని తన గూడు కట్టుకుంటుంది. తొట్టెలో అవి తరిగిపోతుంటాయి గనుక యజమాని కొలిచి మళ్ళీ పోస్తుండాలి.

ఒక్కొక్కసారి ఎంత పోసినా కాల్షియం పెరగదు. అతడు ఇంకా పోస్తాడు. పోసినది పగడానికి అందకుండా మోటారు మీద తెల్లని పెచ్చుగా పేరుకుంటుంది. పరీక్షిస్తే చాలాసార్లు తగ్గినది మెగ్నీషియం అని తేలుతుంది. అది తగినంత ఉంటేనే ఆ రెండూ తొందరపడి రాయిగా మారకుండా నీటిలో నిలుస్తాయి. లోపం తెలిశాక కూడా ఒక్క రోజులో సరిచేయకూడదు. నీటి గుణం హఠాత్తుగా మారితే పగడం తట్టుకోలేదు.

తల్లిదండ్రులారా, ఇప్పుడు మన ఇళ్ళు చూద్దాం. ఉద్దానం ఊళ్ళ నుంచి బ్రతుకుతెరువు కోసం దూరం వెళ్ళి, కడుపు కట్టుకుని డబ్బు పంపే తండ్రులెందరో ఉన్నారు. ఇంటి దగ్గర తల్లి రోజూ బుద్ధులు చెబుతుంది. అయినా పిల్లవాడు చదవడు, మాట వినడు. ఇంకొంచెం డబ్బు, ఇంకొంచెం మందలింపు పోస్తాం. చివరకు, "ఇంత చేసినా విశ్వాసం లేదు" అని వాడిమీదే తీర్పు చెప్పేస్తాం.

ఆ తీర్పు న్యాయమేనా? మనం ఇచ్చినది మంచిదే. కాని దానిని నిలిపి ఉంచేది ఆ ఇంట్లో ఉన్నదా? పిల్లవాడు చెప్పేది చివరిదాకా వినే మనిషి ఉన్నారా? తప్పు చేసి వచ్చి చెప్పుకునే ధైర్యం వాడికి ఇచ్చామా? వినడం కష్టం, ఒక్కొక్కసారి చేదు మాటలే వినవలసి వస్తుంది. అందుకే దానిని ముందుగా వదిలేస్తాం.

అలాగని డబ్బు పంపడం, మందలించడం మానాలా? మానకూడదు. పగడానికి కాల్షియం కావాలి, పిల్లవాడికి ఫీజూ కావాలి, క్రమశిక్షణా కావాలి. అయితే ఇచ్చినవాడి బాధ్యత ఇవ్వడంతో తీరదు. అది అవతలివారికి అందిందో లేదో చూడడం కూడా అతని పనే. అందకపోతే, పుచ్చుకున్నవారిని నిందించకముందే ఏది కొరవడిందో వెదకాలి.

ఈ వారం ఫోను చేసినప్పుడు మార్కుల సంగతి కొంచెం ఆపి, "ఎలా ఉన్నావు నాన్నా?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగండి. మొదటి రోజు ఏమీ చెప్పకపోవచ్చు. మరునాడు మళ్ళీ అడగండి.