తెలియక పంపిన వార్త అబద్ధమా?



ఒక వార్త నిజమో కాదో మీకు తెలీదు. అయినా పదిమందికి పంపారు. అది తప్పని తర్వాత తేలింది. అప్పుడు మీరు అబద్ధం ఆడినట్టా, కాదా?

"నేనేం కల్పించలేదు కదా, నాకొచ్చిందే పంపాను" అంటారు చాలామంది. ఈ జవాబు సరిపోతుందేమో, మనందరం చూసిన ఒక సంగతితో పరీక్షిద్దాం.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో ఫారం కోళ్ళు గుట్టలుగా చచ్చిపోయాయి. మొదట రోగమేదో తేలలేదు. శాంపిళ్ళు భోపాల్‌లోని జాతీయ ల్యాబ్‌కు వెళ్ళాక, తణుకు మండలం వేల్పూరులోనూ పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ బర్డ్ ఫ్లూ ఉందని తేలింది. నిబంధన ప్రకారం రోగం తేలిన చోటు చుట్టూ కిలోమీటరు లోపల కోళ్ళను చంపి పూడ్చాలి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలి.

ఇదే వార్త మన చెవికి చేరేసరికి ఏమైందో గుర్తుచేసుకోండి. "చికెన్ తింటే చస్తారు" అన్న మాట రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తిరిగింది. ముక్క లోపలి దాకా 70 డిగ్రీల వేడి తగిలేలా ఉడికిస్తే వైరస్ బతకదు. ఆ ఒక్క ముక్క మాత్రం పంపినవాళ్ళు తక్కువ. ధర పడిపోయింది. నష్టపోయింది ఎవరు? చిన్న చికెన్ కొట్టువాడు, అందులో రోజుకూలీకి కోళ్ళు కోసే మనిషి, ఫారంలో మేత వేసే కుటుంబం.

రెండోవైపు కూడా చూడాలి. భయం పోగొట్టడానికి వ్యాపారులు ఉచిత చికెన్ మేళాలు పెట్టారు. ఉడికింది తింటే భయం లేదన్నది నిజమే. కానీ అమ్ముకునేవాడు పెట్టిన మేళా ప్రచారమే గానీ పరీక్ష కాదు. జబ్బుకోడిని వట్టిచేతులతో పట్టుకునే కూలీకి అది ఏ భరోసా ఇవ్వదు. ఆ మార్చిలోనే ఆంధ్రప్రదేశ్‌లో ఒక పసిబిడ్డ చనిపోయింది. బర్డ్ ఫ్లూయేనని పుణె వైరాలజీ సంస్థ ఖాయం చేసింది. కాబట్టి "అంతా పుకారే" అన్నవాళ్ళూ తెలియకుండానే మాట్లాడారు.

వార్తలు ఎక్కువ వచ్చినచోటే రోగం ఎక్కువ ఉందనుకోవడం ఇంకో పొరపాటు. 1918 నాటి ఫ్లూ వార్తలను యుద్ధంలో ఉన్న దేశాలు తొక్కిపెట్టాయి. యుద్ధంలో లేని స్పెయిన్ పత్రికలు ఉన్నదున్నట్టు రాశాయి. దాంతో ఆ రోగానికి స్పెయిన్ పేరే అంటుకుంది. బయటికి చెప్పినవాళ్ళకే నింద మిగిలింది!

కేసపుత్త గ్రామంలో కాలాములు బుద్ధుణ్ణి అడిగింది ఇలాంటి చిక్కే. వచ్చినవాడల్లా తన మాటే నిజమంటుంటే ఎవరిని నమ్మాలి? నలుగురూ అంటున్నారనో, చెప్పినవాడు మన గురువనో ఒప్పుకోవద్దన్నాడు బుద్ధుడు. అంటే ఎవరినీ నమ్మొద్దని కాదు. వివేకవంతులు మెచ్చేదేదో కూడా చూడమన్నాడు. ల్యాబ్ పరీక్ష మనం ఇంట్లో చేయలేం. కానీ నాలుగు ప్రశ్నలు అడగగలం. ఈ మాట మొదట అన్నదెవరు? ఇది అనుమానమా, పరీక్షలో ఖాయమైందా? చెప్పిన అంకె ఎంతలో ఎంత? నేను నమ్మితే ఎవరికి లాభం, ఎవరికి నష్టం?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. అబద్ధమని తెలిసి చెప్పడమే నాలుగో శీలానికి భంగం అంటారు. ఆ లెక్కన తెలియక పంపినవాడు తప్పించుకున్నట్టే కనిపిస్తాడు. కానీ తెలీనిదాన్ని "నాకు తెలుసు" అనడాన్ని కూడా బుద్ధుడు అసత్యంలోనే చేర్చాడు. వార్త ఇంకొకరిది కావచ్చు. "ఇది నిజం, అందరికీ పంపండి" అన్న హామీ మాత్రం మనది. రేపు ఆ వార్త నిజమే అయినా, అది మన అదృష్టమే గానీ మన సత్యవాక్కు కాదు.

"అన్నీ తేలేదాకా నోరు మూసుకుంటే ఈలోగా జనం చస్తారు కదా?" అని అడుగుతారేమో. మంచి ప్రశ్నే. మూసుకోనక్కర్లేదు. ఎంత తెలుసో అంతే చెప్పండి. "పక్క ఊళ్ళో కోళ్ళు చస్తున్నాయి, రోగమేంటో ఇంకా తేలలేదు, చచ్చిన కోడిని వట్టిచేతులతో ముట్టుకోకండి, పశువుల డాక్టరుకు చెప్పండి" అంటే చాలు. అందులో అబద్ధం లేదు. పనికొచ్చే హెచ్చరిక ఉంది. ఏ కొట్టువాడి కూడూ పోదు.

ఈసారి ఫోనులో అలాంటి వార్త వస్తే, పంపేముందు ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. జవాబు దొరక్కపోతే, దొరకలేదని కూడా కలిపి చెప్పండి.