పూచీ పడేదెవరు?

కిందటేడాది ఓ సాయంత్రం, నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఓ కరపత్రం చిత్తుప్రతి పట్టుకొచ్చింది. నిరసన సభకి పిలుపు. కింద ఆహ్వానించేవాళ్ళ పేర్లు. "మీ పేరు పెట్టుకోవచ్చా మేడం?" అంది. రెండుసార్లు చదివాను. నేను కాదనే మాట అందులో ఒక్కటీ లేదు. అయినా నా నోటివెంట వచ్చిన మాట వేరు. "నీ పేరు కూడా పెట్టకమ్మా. ముందు థీసిస్ కానీ. కాస్త జాగ్రత్తగా ఉండు." ఆ అమ్మాయి తలూపి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్ళ కిందట మా హాస్టల్ వార్డెన్ సాయంత్రం ఆరున్నరకి గేటుకి తాళం వేస్తూ అనే మాట అదే. "మీ మంచికేనమ్మా, జాగ్రత్తగా ఉండాలి." ఆ తాళాన్ని తిట్టుకుంటూ చదువుకున్నదాన్ని, ఇవాళ తాళంచెవి నా చేతికెలా వచ్చింది?

ఈ ప్రశ్న వెంటే ఢిల్లీ అమ్మాయిలు గుర్తొచ్చారు. 2015లో అక్కడి విద్యార్థినులు కొందరు హాస్టల్ కర్ఫ్యూలకి వ్యతిరేకంగా 'పింజ్రా తోడ్' అనే బృందంగా ఏర్పడ్డారు. పంజరాన్ని బద్దలుకొట్టు అని ఆ పేరుకి అర్థం. మగపిల్లలకి లేని గేటు వేళలు మాకెందుకని అడిగారు. అయిదేళ్ళు తిరక్కుండానే వాళ్ళలో నటాషా నర్వాల్, దేవాంగన కలిత జైల్లో ఉన్నారు. పౌరసత్వ సవరణ చట్టాన్ని వ్యతిరేకిస్తూ సాగిన నిరసనల్లో పాల్గొన్న ఈ ఇద్దర్నీ 2020 మే 23న అరెస్టు చేశారు. మర్నాడు బెయిలొస్తే, వెంటనే ఇంకో కేసులో అరెస్టు చేశారు. ఆ తర్వాత ఉపా కేసు.

చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టాన్నే మనం ఉపా అంటున్నాం. అందులో 2008లో చేర్చిన 43డి(5) నిబంధన ప్రకారం, ఉగ్రవాద నేరాల్లో పోలీసుల ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, కోర్టు బెయిలివ్వకూడదు. అంటే విచారణ మొదలుకాకముందే శిక్ష మొదలవుతుంది. చివరికి నిర్దోషి అని తేలినా పోయిన ఏళ్ళు ఎవరూ తిరిగివ్వరు.

2020 ఫిబ్రవరిలో ఈశాన్య ఢిల్లీలో జరిగిన హింసలో 53 మంది చనిపోయారు కదా, వాళ్ళ కోసం రాజ్యం ఎవర్నీ విచారించకూడదా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. చంపినవాళ్ళనీ, ఇళ్ళు తగలబెట్టినవాళ్ళనీ, అందుకు పురిగొల్పినవాళ్ళనీ విచారించి తీరాలి. అయితే ఎవరు ఏం చేశారన్నది చూపించటం వేరు, సభల్లో కూర్చున్నవాళ్ళందర్నీ ఒక కుట్ర అనే తాడుతో కట్టెయ్యటం వేరు. రెండోది చేసినప్పుడు చనిపోయినవాళ్ళకీ న్యాయం దొరకదు. నిరసన తెలిపేవాళ్ళకి మాత్రం భయం మిగులుతుంది.

ఆ భయం ఖరీదు ఎవరు కడతారు? నటాషా తండ్రి మహావీర్ నర్వాల్‌కి 2021లో కోవిడ్ వచ్చింది. ఆయన్ని చూడటానికి ఆమె మధ్యంతర బెయిలు అడిగింది. పిటిషన్ విచారణకి రాకముందే, మే 9న ఆయన చనిపోయారు. మర్నాడు అంత్యక్రియల కోసం మూడు వారాల బెయిలు దొరికింది. ఏ తీర్పులోనూ ఆ తండ్రికి శిక్ష వేసినట్టు ఉండదు. కేసు ఒకరి మీద పెట్టినా, మోసేది ఇల్లంతా. ములాఖత్‌కి గేటు దగ్గర నిలబడేదీ, వకీలు ఫీజుకి అప్పు చేసేదీ, పక్కింటివాళ్ళ చూపులు తట్టుకునేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ చాకిరీకి ఇంటిపని మాదిరిగానే లెక్కా ఉండదు, పేరూ ఉండదు.

2021 జూన్ 15న ఢిల్లీ హైకోర్టు ఈ ఇద్దరికీ, ఆసిఫ్ ఇక్బాల్ తన్హాకీ బెయిలిచ్చింది. అసమ్మతిని అణచాలనే ఆత్రంలో రాజ్యానికి నిరసన హక్కుకీ ఉగ్రవాద చర్యకీ మధ్య గీత చెరిగిపోతున్నట్టుందని న్యాయమూర్తులు రాశారు. మూడు రోజులకే సుప్రీంకోర్టు, బెయిలు జోలికి పోకుండానే, ఆ తీర్పుని ఇతర కేసుల్లో ఉదాహరణగా వాడుకోరాదంది. అమ్మాయిలు బయటికొచ్చారు. వాళ్ళని బయటికి తెచ్చిన వాదన మాత్రం మరొకరికి పనికిరాకుండా పోయింది. అదే కేసులో 2020 ఏప్రిల్‌లో అరెస్టయిన గుల్ఫిషా ఫాతిమా 2026 జనవరి దాకా ఆగాల్సొచ్చింది.

ఇక ఇబ్బంది సంగతి. షాహీన్‌బాగ్ ఆడవాళ్ళు 2019 డిసెంబరు నుంచి 2020 మార్చి 24 దాకా రోడ్డు మీద కూర్చున్నారు. బహిరంగ మార్గాల్ని అలా నిరవధికంగా ఆక్రమించకూడదని, నిర్దేశించిన స్థలాల్లోనే నిరసన తెలపాలని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దారిన వెళ్ళేవాళ్ళ కష్టం అబద్ధం కాదు. అయినా నాకో అనుమానం. ఎవరికీ అడ్డం రాకుండా, చూపించిన మూల కూర్చుని మాట్లాడమన్న సలహా ఆడవాళ్ళకి కొత్తదా? మన ఇళ్ళల్లో ఆ మూల ఎక్కడుండేదో మనకి తెలుసు. 2021 జనవరిలో రైతుల ఆందోళన మీద విచారణలో ప్రధాన న్యాయమూర్తి, ఆడవాళ్ళనీ వృద్ధుల్నీ ధర్నాలో ఎందుకు ఉంచుతున్నారని అడిగారు. 'ఉంచటం' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎవరో తీసుకొచ్చి ఉంచితే ఉన్నవాళ్ళమా మనం? ఆ నెల 18న దేశమంతటా మహిళా కిసాన్ దివస్ జరుపుకుని రైతు స్త్రీలు జవాబు చెప్పారు.

ఇదంతా ఢిల్లీ గొడవ, మనదాకా రాదనుకునే వీలు కూడా లేదు. ములుగు జిల్లా తాడ్వాయి పోలీస్ స్టేషన్లో 2022 ఆగస్టులో 152 మంది మీద ఉపా కేసు నమోదైంది. జాబితాలో ప్రొఫెసర్ హరగోపాల్ ఉన్నారు, పద్మజా షా ఉన్నారు, 2020లోనే కన్నుమూసిన జస్టిస్ హెచ్. సురేశ్ కూడా ఉన్నారు. సంగతి బయటపడింది 2023 జూన్‌లో. గగ్గోలు పుట్టాక, హరగోపాల్ మీద కేసు ఎత్తెయ్యమని అప్పటి ముఖ్యమంత్రి ఆదేశించారు. సంతోషమే. కానీ పేరున్న మనిషి కాబట్టి ఎత్తేస్తే అది దయ అవుతుంది, న్యాయం కాదు. ఆ 152 మందిలో ఏ పత్రికా గుర్తుపట్టని వాళ్ళ సంగతేమిటి?

మళ్ళీ నా మాట దగ్గరికి వస్తాను. ఆ అమ్మాయి క్షేమం కోరటం తప్పని ఇప్పటికీ అనుకోను. ప్రమాదం లేదని చెప్పి పిల్లల్ని ముందుకి తొయ్యటం ఇంకా పెద్ద తప్పు. కానీ ఆ రోజు ప్రమాదమేమిటో వివరంగా చెప్పి నిర్ణయం ఆమెకి వదిలెయ్యలేదు నేను. నా పేరు తప్పించుకోవటానికి ఆమె పేరు కూడా తప్పించాను. నా భయానికి ఆమె మంచి అనే ముసుగు వేశాను. వార్డెన్ చేసిందీ, రాజ్యం చేసేదీ అదే కదా. ఇన్ని కేసుల్లో అరెస్టయ్యేది కొందరే. అసలు పని జరిగేది మాలాంటి వాళ్ళ నోళ్ళతో.

అందరం జైలుకెళ్ళగలమని నేననను. ఢిల్లీ హైకోర్టు బెయిలిస్తూ యాభై వేల రూపాయల వ్యక్తిగత బాండు, ఇద్దరు స్థానిక జామీనుదార్లు కావాలంది. వాళ్ళ చిరునామాలు సరిచూడాలని పోలీసులు గడువు అడగటంతో, విడుదల జూన్ 17 దాకా ఆగింది. ధైర్యం గురించి చాలా రాసుకున్నాం మనం. ఆధార్ కార్డు పట్టుకుని కోర్టుకెళ్ళి, ఈ మనిషికి నాది పూచీ అని సంతకం పెట్టేవాళ్ళ గురించి ఎంత రాశాం? ముందు నడిచేవాళ్ళకి ఆ సంతకం దొరుకుతుందన్న నమ్మకం లేనప్పుడు, నిరసన హక్కు రాజ్యాంగం పంతొమ్మిదో అధికరణలో ఉండీ లాభం లేదు. భయస్తులు కూడా చెయ్యగల పని అది. ఉద్యోగం, సొంత చిరునామా ఉన్న నాలాంటి వాళ్ళే చెయ్యాల్సిన పని కూడా.

వారం తర్వాత ఆ అమ్మాయిని పిలిచి, చెప్పిన మాట తప్పని ఒప్పుకున్నాను. సభ అప్పటికే అయిపోయింది. కరపత్రం మీద ఆమె పేరుంది, నాది లేదు. ఈసారి పేరుతోపాటు నా చిరునామా కూడా రాసి ఇచ్చాను, అవసరమైతే పూచీకి పనికొస్తుందని. మడిచి సంచిలో పెట్టుకుంది.